స్ప్రింగుల బాబుగారు

పోయిన నెల ఒక పెద్దకర్మ కార్డు టైపు చేశాను. మా డీటీపీ సెంటరుకి అలాంటివి వారానికి రెండు మూడైనా వస్తాయి. పాత కార్డు తెరిచి పేర్లూ తేదీలూ మారిస్తే పనైపోతుంది. చనిపోయినవాళ్ళందరూ ఒకే రకం మంచివాళ్ళు కాబట్టి విశేషణాల జోలికి పోనక్కర్లేదు. ఈసారి మాత్రం పేరు చూడగానే చెయ్యి ఆగింది. పోయినాయన బావమరిది నా ఎదురు కుర్చీలో కూర్చుని, తెల్ల కాగితం మీద రాసుకొచ్చిన మాటలు చదువుతున్నారు.

"సౌమ్యులు, మితభాషి, పరోపకారి... ఇంకేమన్నా కలపమంటారాండి?"

"మితభాషి ఉంచమంటారా?" అన్నాను.

ఆయన కాగితంలోంచి తలెత్తి నా మొహంలోకి చూశారు. కాసేపు ఆలోచించి, "తీసెయ్యండి. తెలిసినవాళ్ళు నవ్వుతారు" అన్నారు.

ఆ పేరు కార్డులో ఉంది కాబట్టి ఇక్కడ మళ్ళీ రాయను. భీమవరంలో మా వీధివాళ్ళం ఆయన్ని ఎదురుగా బాబుగారనీ, వెనకాల స్ప్రింగుల బాబుగారనీ అనేవాళ్ళం. రెండోది ఆయనకి తెలుసు. అది బిరుదనుకునేవారు.

ఆరేళ్ళ క్రితం మేనకోడలి పెళ్ళి శుభలేఖ కోసం మొదటిసారి మా షాపుకి వచ్చారు. నిలువెత్తు మనిషి, మడత నలగని తెల్ల చొక్కా. నేను పెళ్ళికూతురి తరఫు పేర్లు కొడుతుంటే కౌంటరు మీద రెండు చేతులూ ఆనించి కళ్ళు మూసుకున్నారు. బయట ఎండ మండిపోతోంది. కళ్ళు తిరుగుతున్నాయేమోనని కంగారుపడ్డాను.

"నీళ్ళిమ్మంటారాండి?"

"నీళ్ళొద్దండి," కళ్ళు తెరవకుండానే అన్నారు. "మీ స్పేసు బారు ఏడుస్తోందండి. వినపడట్లేదా?"

నాకు వినపడలేదు. అప్పటికి పదహారేళ్ళుగా టైపు కొడుతున్నాను. ఏడిస్తే నేను ఏడవాలి గాని కీబోర్డుకేం వచ్చిందనుకున్నాను. ప్రూఫు తీసి చేతికిచ్చాను. పెళ్ళికూతురి పేరులో ఒత్తు ఎగిరిపోయింది. ఆయన కాగితం వంక చూస్తే కదా! నా కీబోర్డు తిరగేసి, వీపు మీద రెండు సార్లు వేలితో కొట్టి, చెవి దగ్గర పెట్టుకున్నారు.

"లోపలంతా రబ్బరేనండి," అన్నారు, రోగం బయటపడ్డ డాక్టరులా. "ఇన్నాళ్ళూ ఊళ్ళో పెళ్ళిళ్ళన్నీ రబ్బరు మీద కొట్టారన్నమాట."

వారం తిరక్కుండా తను తయారుచేసిన కీబోర్డు ఒకటి తెచ్చి నా ముందు పెట్టారు. పాతదాన్ని చంకలో పెట్టుకుని వెళ్ళి, సందు చివర పాత ఇనుము కొనే అతనికి ఇచ్చేసి వచ్చారు. నన్ను అడగలేదు. ఒక మనిషిని ఆపదలోంచి బయటపడేసేటప్పుడు అడుగుతామా అన్నట్టు చేతులు దులుపుకున్నారు.

అసలు ఆయన పని ఏమిటో చెప్పాలి. ఆయనకి చెరువులుండేవి, రొయ్యలుండేవి. చెరువులు లీజుకిచ్చేశాక తీరుబడి మిగిలింది. మంచి కీబోర్డులో ఒక్కో మీట కింద వేలి గోరంత డబ్బా ఒకటి ఉంటుంది. దాన్ని స్విచ్ అంటారు. దానికి ఒక అడుగు, ఒక మూత, లోపల పైకీ కిందకీ ఆడే ప్లాస్టిక్ పుల్ల, దాని కింద స్ప్రింగు, పక్కన సన్నటి రాగి రేకు. కంపెనీలు ఇవన్నీ బిగించే అమ్ముతాయి. లోకమంతా అలాగే కొనుక్కుని, అలాగే వాడుకుని, అలాగే పోతుంది. బాబుగారికి అది నచ్చదు. ఒక కంపెనీ మూత, ఇంకో కంపెనీ అడుగు, మూడో దేశం పుల్ల, నాలుగో దేశం స్ప్రింగు తెప్పించి, అన్నీ విప్పి, కలిపి, సన్నటి కుంచెతో గ్రీజు పూసి, మళ్ళీ బిగించి, చెవి దగ్గర పెట్టుకుని నొక్కేవారు. బాగోకపోతే మళ్ళీ విప్పేవారు. సాధారణంగా బాగుండేది కాదు.

"కంపెనీ బిగించిన స్విచ్ అంటే హోటలు భోజనమండి," అనేవారు. "కడుపు నిండుద్ది. అంతకంటే ఏముంది?"

ఆయన వెతికేది ఒక్క శబ్దం. దాన్ని 'టొక్' అనేవారు. 'టక్' అంటే ఆయనకి కోపం. 'టిక్' అంటే జాలి. బ్యాంకులో, సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో, రైలు టికెట్ల కిటికీ దగ్గర, ఎక్కడికెళ్ళినా ముందు చెవి ఒగ్గి, ఆ తర్వాత ఆ పని చేసుకుంటున్న వాళ్ళ వంక జాలిగా చూసేవారు. భార్యకి పిత్తాశయంలో రాళ్ళు తీస్తున్నప్పుడు ఆస్పత్రి రిసెప్షనులో ఆయన ఏం చేశారో ఆయనే గర్వంగా చెప్పారు.

"రెండు గంటల ఆపరేషనండి. ఖాళీగా ఎందుకని అక్కడమ్మాయి కీబోర్డు మీటలన్నీ పీకి శుభ్రం చేసి పెట్టేశాను."

"ఎలా ఉన్నారండి ఇప్పుడు?"

"ఎవరండి?"

"అమ్మగారండి!"

"ఆఁ, బాగానే ఉన్నారండి. రాళ్ళు సీసాలో వేసిచ్చారు. ఊపి చూశాను. సౌండు లేదు."

ఆ అమ్మగారిని నేను వాళ్ళింటికి కార్డుల కట్ట ఇవ్వడానికి వెళ్ళినప్పుడు చూశాను. చిన్నగా, నెమ్మదిగా ఉండే మనిషి. భర్త ఎక్కడున్నారంటే మేడ వైపు చూపించి, "పూజలో ఉన్నారండి" అన్నారు. ఆ మాటలో వెటకారం ఉందో లేదో ఆమె మొహం చూసి చెప్పలేకపోయాను. ఇప్పటికీ చెప్పలేను.

మేడ మీద గదిలో గోడ పొడవునా బల్ల. దాని మీద హోమియో మాత్రలు పెట్టుకునే గడుల పెట్టెలు పాతిక దాకా. ఒక్కో గడి మీద గుండ్రటి చేతిరాతతో చీటీ: 'పుల్ల – నునుపు', 'పుల్ల – గరుకు', 'స్ప్రింగు – సాగేది', 'స్ప్రింగు – మొండిది'. రెండు స్విచ్‌లు తీసి కాఫీ తెచ్చిన భార్య చెవి దగ్గర రెండుసార్లు నొక్కారు బాబుగారు.

"ఏది బాగుందో చెప్పండి." భార్యని కూడా అండి అనే ఇల్లు వాళ్ళది.

"మొదటిదండి," అన్నారామె వెంటనే.

బాబుగారు నా వైపు తిరిగి కన్నుగీటారు. రెండుసార్లూ నొక్కింది ఒకటే స్విచ్. అమ్మగారు దొరికిపోయారని నేననుకున్నాను. ఆయన మాత్రం మురిసిపోయారు. "చూశారా! మొదటిసారి గ్రీజు ఇంకా సర్దుకోలేదండి. ఆ తేడా పట్టేశారు!" అన్నారు. అమ్మగారు కాఫీ గ్లాసులు తీసుకుని కిందికి వెళ్ళిపోయారు.

ఆరోజూ, ఆ తర్వాత వెళ్ళినప్పుడూ ఇంకోటి కూడా గమనించాను. అన్ని కీబోర్డుల ముందు కూర్చుని ఆయన నొక్కేది ఎప్పుడూ ఒకటే మీట. మధ్య వరసలో 'జె'. టొక్, టొక్, టొక్. ఒక్క మాట కొట్టగా చూడలేదు. సరుకు తెప్పించడానికి కంపెనీలకి రాసే ఉత్తరాలూ, దేశదేశాల స్విచ్ పిచ్చివాళ్ళతో ఫోనులో జరిపే వాదోపవాదాలూ ఆయన కుర్చీలో వెనక్కి వాలి చెబుతుంటే, అమ్మగారు కూరగాయల పళ్ళెం పక్కన పెట్టి ఫోనులో బొటనవేళ్ళతో కొట్టేవారు. కీబోర్డుల మీద అంత అధికారం ఉన్న మనిషికి టైపు రాదు. వీధిలో అందరికీ ఇది తెలుసు. ఎవరూ పైకి అనేవారు కాదు. మా వైపు మర్యాద ఎక్కువ. మనిషి వెళ్ళిపోయేదాకా ఆగుతాం.

పరిచయమైన అయిదేళ్ళకి హైదరాబాదులో ఇలాంటివాళ్ళంతా ఒక హాల్లో కలుసుకుంటున్నారని కబురొచ్చింది. బాబుగారు నన్ను కూడా రమ్మన్నారు.

"నేనెందుకండి?"

"వాయిద్యం తీసుకెళ్తున్నప్పుడు వాయించేవాళ్ళు కూడా రావాలి కదండి," అన్నారు.

నేను పొంగిపోయాను. ఆ సంగతి దాచిపెట్టడం ఎందుకు! అమ్మగారితో కలిసి ముగ్గురం వెళ్ళాం. హాలు నిండా ఇంజనీరింగు చదువుకున్న కుర్రాళ్ళు. బల్లల మీద రంగురంగుల కీబోర్డులు. బాబుగారిది నల్లగా, ఏ ఆర్భాటమూ లేకుండా ఉంది. నేను కూర్చుని వేగంగా కొట్టడం మొదలుపెట్టాను. చుట్టూ మాటలు తగ్గాయి. ఒక్కొక్కళ్ళే వచ్చి నిలబడ్డారు. నిజం చెప్పాలి, ఆ చప్పుడు బాగుంది. చేమాకుల మీద వాన మొదలైనప్పుడు వచ్చే చప్పుడు. "అంకుల్, ఏ పుల్ల, ఏ స్ప్రింగు" అని కుర్రాళ్ళు ఎగబడ్డారు. ఆయన కళ్ళు మూసుకుని, పెళ్ళికొడుకు తండ్రిలా అందరి పొగడ్తలూ అందుకున్నారు.

అంతటితో ఆగి ఉంటే బాగుండేది. పొద్దుటినుంచీ నన్ను "మా టైపిస్టండి" అని పరిచయం చేస్తున్నారు. నా పేరు ఒక్కరికీ చెప్పలేదు. మధ్యాహ్నం ఒక అమ్మాయి నా వైపు తిరిగి, "మీకెలా ఉంది మేడం? వేళ్ళకి బాగుందా?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపు బాబుగారే చెప్పేశారు.

"ఆవిడకి చెవి లేదండి. వేళ్ళే."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. పావుగంట తర్వాత ఒక కుర్రాడు, "అంకుల్, ఒకసారి మీరు టైప్ చేయండి" అన్నాడు. బాబుగారు చేతులు వెనక్కి పెట్టుకుని, "నాకెందుకండి, మీరు కానివ్వండి" అన్నారు. అప్పుడు నేను కుర్చీలోంచి లేచి, కుర్చీ వెనక్కి లాగి పట్టుకున్నాను.

"కూర్చోండి బాబుగారూ. మీ చేత్తో కొడితేనే అసలు సంగతి తెలుస్తుంది."

అంతా విన్నారు. ఆయన కూర్చోక తప్పలేదు. తెర మీద ఇంగ్లీషు వాక్యం ఒకటి కనిపిస్తోంది, పక్కన గడియారం తిరుగుతోంది. కుడిచేతి చూపుడువేలు గాల్లో నిలిచి, అక్షరం కోసం వెతికి వెతికి, ఒకచోట దిగింది. టొక్. మళ్ళీ వెతుకులాట. టొక్. నుదుటి మీద చెమట. నిమిషం గడిచేసరికి నాలుగు మాటలయ్యాయి, అందులో రెండు తప్పులు. కుర్రాళ్ళు ఎగతాళి చేసి ఉంటే ఆయన గట్టిగా బదులిచ్చేవారే. వాళ్ళు మంచిపిల్లలు. "పర్లేదంకుల్, సౌండ్ మాత్రం సూపర్" అని భుజం తట్టారు.

మర్నాడు పగటి రైల్లో తిరిగొచ్చాం. దారంతా ఆయన కిటికీ పక్కనే కూర్చున్నారు. అమ్మగారు పులిహోర పొట్లం విప్పి నాకు పెట్టారు, ఆయనకి పెట్టారు. నా వంక ఒక్కసారి కూడా కోపంగా చూడలేదు. అదే ఇబ్బందిగా ఉంది. చెరువులు కనిపించడం మొదలయ్యాక కిటికీలోంచి చూస్తూనే ఆయన అడిగారు.

"నేను చేసింది బాగానే ఉంది కదండి?"

"ఆయ్, చాలా బాగుందండి," అన్నాను. ఆ ఒక్క మాటా వెటకారం లేకుండా అన్నాను.

నెల రోజులు మా వీధిలో కనపడలేదు. ఆ తర్వాత ఒకరోజు పొద్దున్నే నేను షట్టరు తీస్తుంటే చంకలో కీబోర్డుతో నిలబడి ఉన్నారు. "వేళ్ళు ఎక్కడెక్కడ పెట్టాలో చెప్పండి," అన్నారు. పలకరింపు లేదు, పాత సంగతి లేదు.

అలా అరవైకి దగ్గర పడుతున్న శిష్యుడు నాకు దొరికారు. రోజూ గిరాకీ మొదలయ్యేలోపు గంట. అంత చెడ్డ విద్యార్థిని నేను చూడలేదు. ఒక మాట తప్పు పడితే తప్పు వేలిది కాదు, స్విచ్‌ది. వెంటనే జేబులోంచి చిన్న పట్టకారు తీసి, దాన్ని పీకి, మూత విప్పి, లోపల వెలుగు పడేలా పట్టుకుని పరీక్షించేవారు. పావుగంట పాఠం, ముప్పావు గంట మరమ్మతు. రెండు నెలలకి మధ్య వరస దాటలేదు. పోనీ ఊరుకునేవారా అంటే, నాకే పాఠాలు.

"చూపుడువేలికీ చిటికెనవేలికీ ఒకటే బరువు స్ప్రింగు పెట్టడం అన్యాయం కదండి! చంటిదానికీ పాలేరుకీ ఒకటే బిందె ఇచ్చి నీళ్ళు తెమ్మంటామా?"

"పాలేరుకి ఎంత పెద్ద బిందె ఇచ్చేవారండి మీ ఇంట్లో?" అన్నాను.

ఆయన వినలేదు. నా చేతుల వంక చూస్తున్నారు. "మీరు ఎంటరు ఉంగరపువేలితో కొడుతున్నారేంటండి?"

"అలవాటండి."

"అలవాటు కాదండి. ముందు చిటికెనవేలు బయల్దేరుతోంది. దారిలో ఆగిపోతోంది. అప్పుడు ఉంగరపువేలు పరిగెత్తుకొస్తోంది. ఆ ఆలస్యం వినపడుతోందండి."

"మీ వేళ్ళ సంగతి చూసుకోండి ముందు," అని కసిరాను.

కసరడానికి కారణం ఉంది. అప్పటికి రెండేళ్ళుగా కుడి చిటికెనవేలు మొదట్లో నొప్పి. పొద్దున లేస్తే ముడుచుకుపోయి ఉండేది. టైపు తగ్గించమని డాక్టరు చెప్పారు. తగ్గిస్తే తినేదేమిటో ఆయన చెప్పలేదు. ఈ సంగతి ఇంట్లోవాళ్ళకి తప్ప ఎవరికీ తెలియనివ్వలేదు. చెయ్యి పాడైందట అని ఒక్క మాట పుడితే చాలు, గిరాకీ పక్క వీధికి నడిచిపోతుంది.

శ్రావణమాసం వచ్చింది. పెళ్ళి ముహూర్తాలు ఒకదాని మీద ఒకటి. ఆరోజు షట్టరు తీసి, బాబుగారిని కూర్చోబెట్టి, పక్కనే ఉన్న కాగితాల కొట్టుకి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి ముగ్గురు గిరాకీలు నిలబడి ఉన్నారు. నా బల్ల మీద నా కీబోర్డు కుడివైపంతా పళ్ళు పీకేసిన నోరులా ఉంది. బాబుగారు ఒక స్టీలు పళ్ళెంలో మూతలూ అడుగులూ పుల్లలూ విడివిడిగా పేర్చుకుని, స్ప్రింగుల్ని గ్రీజులో దొర్లిస్తున్నారు.

"ఏం చేస్తున్నారండి?"

"పదకొండుకల్లా అయిపోద్దండి. మీరు కంగారు పడకండి."

పదకొండుకి కాలేదు. అద్దెకి ఇంకో కీబోర్డు తెద్దామంటే, "ఎందుకండి, ఇదిగో అయిపోయింది" అన్నారు. ఒంటిగంటైంది. ఒక పెళ్ళివారు లేచి వెళ్ళిపోయారు. రెండోవారు వెళ్ళిపోతూ, "చెప్పొచ్చు కదండి, మిషను పాడైందని" అన్నారు. నాలో ఏదో తెగింది.

"మీకు పనిలేదు బాబుగారూ, నాకుంది! మీకు చెరువులున్నాయి, మేడ ఉంది, వేళకి కాఫీ వస్తుంది. ఒక్క అక్షరం కొట్టడం రాదు గాని, ఊళ్ళో అందరి కీబోర్డులూ మీకే కావాలి. ఇది మీ ఆటబొమ్మ కాదండి, నా కూడు. రేపట్నుంచి రావద్దు."

మిగిలిన గిరాకీ అంతా విన్నారు. ఆయన చివరి స్విచ్ గుంటలో పెట్టి, మీట తొడిగి, నొక్కి చూసుకుని, పళ్ళెం గుడ్డతో తుడుచుకుని వెళ్ళిపోయారు. ఆ తర్వాత రాలేదు.

నాలుగైదు రోజులు కోపంతోనే టైపు కొట్టాను. ఆరో రోజు సాయంత్రం ఒక పొడుగాటి దస్తావేజు పూర్తిచేసి చూసుకుంటే, ఎంటరు చిటికెనవేలే కొడుతోంది. ఎప్పట్నుంచో తెలియదు. నొప్పి లేదు. వరసగా మీటలు నొక్కి చూశాను. అన్నీ ఎప్పట్లాగే బిగువుగా ఉన్నాయి. కుడి చిటికెనవేలు కింద ఉండేవి మాత్రం ఊదితే కదిలేంత తేలిక. ఆ కాసిని మీటల కోసం ఆయన నాలుగు గంటలు కూర్చున్నారు. ఎందుకో నాకు చెప్పలేదు. ఎంత లావు పరోపకారమైనా ముందు అడగాలని ఆయనకి ఎవరూ నేర్పలేదు.

వెళ్ళి చెబుదామనుకున్నాను. ఆయనింటికి నడిచి వెళ్తే పది నిమిషాలు. ముహూర్తాలు అయిపోనీ అనుకున్నాను. అయిపోయాయి. ఆయనే వస్తారులే అనుకున్నాను. అసలు కారణం అదేం కాదు. చెబితే ఆయన మొహంలో కనిపించే ఆ గెలుపు నేను చూడదలుచుకోలేదు. దీపావళి వెళ్ళిన కొన్నాళ్ళకి, మధ్యాహ్నం భోంచేసి పడుకున్న మనిషి లేవలేదని తెలిసింది.

మొన్న అమ్మగారు మా షాపుకి వచ్చారు. కుటుంబ సభ్యుల ధ్రువపత్రం కోసం అఫిడవిట్టు కావాలి. ఆమె చెబుతుంటే నేను కొట్టాను. పేజీ సగంలో ఉండగా ఆమె అడిగారు.

"నొప్పి పూర్తిగా తగ్గిందాండి?"

"ఏ నొప్పండి?"

"చిటికెనవేలు."

నేను కుర్చీ ఆమె వైపు తిప్పాను.

"మీరు కేకలేసిన వారానికి ఇక్కడికి వచ్చారండి," అన్నారామె. "లోపలికి రాలేదు. ఎదురుగా ఆ జిరాక్సు షాపు మెట్ల మీద అరగంట కూర్చున్నారంట. ఇంటికొచ్చి, 'చిటికెనవేలు పనిలోకి దిగిందండీ' అన్నారు. ఆ పూట అన్నం మారు అడిగి పెట్టించుకున్నారు."

ఎదురు మెట్ల మీద ఎవరో ఇద్దరు ఫారాలు నింపుకుంటున్నారు. మధ్యలో రోడ్డు, స్కూటర్లు, ఆటోలు.

"అక్కడిదాకా వచ్చి లోపలికి రాకపోవడమేంటండి?" నా గొంతు కొంచెం లేచింది. "ఒక్క మాట చెబితే ఏం పోయేది?"

అమ్మగారు నన్ను తప్పుపట్టే మనిషి కాదు. కాఫీలో పంచదార సరిపోయిందా అని అడిగినంత మామూలుగా అన్నారు.

"మీరు మటుకు చెప్పారాండి?"

తర్వాత చేతిసంచీలోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని, సంతకం ఎక్కడ చెయ్యాలో చూపించమన్నారు.